శేషసాయి ఊరడింపు

చిదంబరయ్య గారికి ఎవరైనా ప్రశ్న అడిగితే లేచి నిలబడే అలవాటు ఉండేది. కూర్చుని జవాబు చెప్పడం ఆయన వల్ల కాదని శిష్యులు నవ్వుకునేవాళ్ళు. ప్రశ్న చిన్నదైతే పెరట్లోకి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోస్తూ ఉండిపోయేవారు. పెద్దదైతే చెప్పులు వేసుకునేవారు. కడపకు దక్షిణాన, కొండల మొదట్లో ఉన్న ఆయన ఆశ్రమానికి శేషసాయి వచ్చిన మధ్యాహ్నం, ఆయన చెప్పులు వేసుకున్నారు.

శేషసాయి అక్కడికి కొత్తవాడు కాదు. కాలేజీ రోజుల్లో మాటకు ముందే చెయ్యి లేచే మనిషిగా వచ్చి, ఆ కోపాన్ని ఆయన పాదాల దగ్గరే దించుకుని వెళ్ళాడు. ఇప్పుడు బెంగళూరులో ఒక స్పోర్ట్స్ కార్ల కంపెనీలో కార్లు కొన్నవాళ్ళ ఫిర్యాదులు వినే ఉద్యోగం. గురువు దగ్గర నేర్చుకున్న నెమ్మది అతనికి అక్కడ అన్నం పెడుతోంది. ఎంత రుసరుసలాడుతూ వచ్చినవాడైనా శేషసాయి ఎదురుగా కాసేపు కూర్చుంటే మెత్తబడి, పోయేటప్పుడు చెయ్యి కలిపి పోతాడు. పైవాళ్ళు కూడా చిక్కు ఫిర్యాదు ఏదొచ్చినా అతని బల్లకే పంపేవాళ్ళు.

ఆ ఏడాది వచ్చిన కొత్త మోడల్ మీద మాత్రం అందరిదీ ఒకటే మాట. ఎండలో ఎత్తు ఎక్కుతూ, ఇంజిన్ బాగా వేడెక్కాక, ముందు పోయే బండిని దాటబోతే ఇంజిన్ ఉన్నట్టుండి బలం వదిలేస్తోందట. కాసేపు ఆగితే మళ్ళీ మామూలే. సర్వీసు కేంద్రానికి తెచ్చి పరీక్షిస్తే ఏ దోషమూ కనపడదు. రుజువయ్యేదాకా లోపం అన్న మాట ఎవరి నోటా రాకూడదని పైనుంచి ఆజ్ఞ. కాబట్టి శేషసాయి ఆ మాట అనలేదు. ఊరడించాడు, అంతే.

"అందులో రాయచోటి ఆవిడ ఒకరున్నారు గురువుగారూ," అన్నాడు చాప మీద కూర్చుని. "నస్రీన్ గారని, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడుపుతారు. భర్త పోయాక ఒంటిచేత్తో నిలబెట్టుకున్నారు దాన్ని. ఆ కారు ఆవిడకు ఎన్నాళ్ళదో ముచ్చట. ఘాట్ ఎక్కుతుంటే బండి చచ్చిపోతోందని మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశారు. చివరిసారి నేను చాలాసేపు మాట్లాడాను. ఆవిడ నవ్వి, థాంక్స్ అని పెట్టేశారు. ఆ తర్వాత ఫోన్ లేదు. నేను చేస్తే తీయడం లేదు."

"ఇవాళ రాయచోటి మీదుగానే వచ్చావు కదా?"

శేషసాయి తల వంచుకున్నాడు. ఆ ఊరు దగ్గరపడుతుంటే తన కాలు తనకు తెలియకుండానే వేగం పెంచిన సంగతి అతనికి గుర్తొచ్చింది. ఫ్యాక్టరీ బోర్డు కనపడ్డప్పుడు చూపు రోడ్డు మీదే ఉంచుకున్నాడు.

"ఆగలేదు," అన్నాడు. ఇక ఉండబట్టలేక, మోసుకొచ్చిన ప్రశ్న అడిగేశాడు. "భయంతో వచ్చినవాళ్ళకు నెమ్మది ఇవ్వడం మంచిపనే కదా గురువుగారూ? మరి నా గుండెల్లో ఈ దడ ఏమిటి? కంపెనీ ఫోన్ మోగితే చాలు, అరచేతులు చెమటలు పడుతున్నాయి."

"ఏం చెప్పి ఇస్తావు నెమ్మది? నాకు చెప్పి చూపించు."

శేషసాయి కాస్త సిగ్గుపడి, గొంతు సవరించుకుని, తన బల్ల దగ్గర చెప్పినట్టే చెప్పాడు. చిదంబరయ్య గారు తల ఒక పక్కకు వాల్చి, రాగం పట్టుకునేవాడిలా విన్నారు. ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాడు. అప్పుడాయన లేచి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, "పద, రాయచోటి పోదాం," అన్నారు.

బయట నిలబెట్టిన బండి కంపెనీదే, కొనేవాళ్ళకు నడిపి చూపించేది. అదే మోడల్, రెండే సీట్లు. పెద్దాయన నేలకు ఆనినంత కిందుగా ఉన్న సీట్లో మోకాళ్ళు పైకి ముడుచుకుని సర్దుకున్నారు. ఎండ నిలువునా కాస్తోంది. వచ్చేటప్పుడు దిగుతూ వచ్చిన గువ్వలచెరువు ఘాట్‌ని ఇప్పుడు ఎక్కాలన్న ఊహ శేషసాయికి బండి కదిలాక గాని తట్టలేదు. తట్టాక, తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. తన బండికి ఏమీ కాదు. ఏమీ కాదనే కదా అందరికీ చెప్పాడు.

మలుపులు మొదలయ్యాయి. ఒక పక్క కొండ, ఒక పక్క మోకాలెత్తు పిట్టగోడ, దాని కింద లోయ. ముందు గ్రానైటు బండలు మోసుకుపోతున్న లారీ ఒకటి పొగ చిమ్ముతూ పాకుతోంది. దాని వెనకే పోతే ఇంజిన్ ఇంకా వేడెక్కుతుందని అతనికి భయం. దాటబోతే ఏమవుతుందో అది మరో భయం. ఒకచోట రోడ్డు తిన్నగా కనిపించింది. హారన్ కొట్టి, కుడికి తీసి, కాలు నొక్కాడు.

బండి ముందుకు ఉరికింది. లారీ నడుము దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ గుటక వేసినట్టు ఒక్క చప్పుడు చేసి నీరసించిపోయింది. కాలు నేలకంటా నొక్కినా వేగం రాలేదు. పైమలుపులో నుంచి బస్సు దిగుతోంది. దాని హారన్ ఆగకుండా మోగుతోంది. పక్కన లారీ టైర్లు అతని తలకంటే ఎత్తుగా తిరుగుతున్నాయి. శేషసాయి బ్రేకు తొక్కి, లారీ ముందుకు పోయేదాకా ఊపిరి బిగబట్టి, దాని వెనక్కి బండిని ఒక్క విసురున లాగాడు. బస్సు అద్దాన్ని రాసుకున్నట్టే పోయింది. దాని డ్రైవర్ తిట్టిన తిట్టు గాలిలో సగమే వినపడింది. చచ్చీచెడీ బండిని పిట్టగోడ వారకు చేర్చి ఆపాడు. స్టీరింగ్ మీంచి చేతులు ఊడి రాలేదు, అతుక్కుపోయాయి.

పక్కనుంచి ఒక గొంతు వినిపించింది. మెత్తగా, తీరుబడిగా, కాస్త చిరునవ్వు కలిపి.

"కంగారు పడకండి. ఇంత శక్తి ఉన్న ఇంజిన్లకి మొదట్లో ఇలాంటివి సహజం. నడుపుతూ ఉంటే అదే సర్దుకుంటుంది. బండి గురించి కాదు, మీరు భయపడుతున్నారే, నాకు దాని గురించే బాధగా ఉంది."

శేషసాయి గిర్రున తిరిగాడు. ఏళ్ళ కిందట దించేసుకున్న కోపమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. "సహజం ఏంటి! చచ్చేవాళ్ళం! చూశారు కదా, ఇప్పుడే, మీ కళ్ళతో! సర్దుకోడమేంటి!" అని గురువు మీద అరిచేశాడు. అరిచాక, తను అరిచింది ఎవరి మీదో, తన బల్ల దగ్గరి ఏ మాటల మీదో అతనికి తెలిసింది.

చిదంబరయ్య గారు లోయ కేసి చూస్తున్నారు. ఆయన ముఖమూ పాలిపోయే ఉంది. అటు చూస్తూనే అడిగారు.

"గొంతు సరిగ్గా పలికిందా నాయనా?"

శేషసాయి బండి దిగాడు. ఇంజిన్ చల్లబడ్డాక తాళం తిప్పి చూస్తే, ఏమీ ఎరగనట్టు చక్కగా అందుకుంది. అయినా అతను మళ్ళీ దాన్ని నడపలేకపోయాడు. టైర్ల కింద రాళ్ళు పెట్టి, బండి అక్కడ ఆగి ఉందని వెనక వచ్చేవాళ్ళకు తెలిసేలా చెట్టుకొమ్మలు విరిచి అడ్డం వేసి, ఇద్దరూ రాయచోటి బస్సెక్కారు. దారంతా, బస్సును దాటిపోయే ప్రతి కారునూ అతను మెడ చాచి చూశాడు.

నస్రీన్ ఇల్లు ఫ్యాక్టరీ వెనకే. తలుపు తీసిన ఆవిడ శేషసాయిని ఎప్పుడూ ముఖాముఖి చూసింది లేదు. పేరు చెప్పగానే ఒక్క క్షణం తలుపు పట్టుకునే నిలబడింది. తరవాత కొంగు తలమీదికి లాక్కుని, పెద్దాయనకు సలాం చేసి, "రండి స్వామీ, ఎండన పడి వచ్చినారు," అంటూ లోపలికి పిలిచింది.

ముందు గదిలోనే మంచం. దాని మీద ఆవిడ తమ్ముడు జుబేర్, తొడ నుంచి మడమ దాకా కట్టుతో, ముఖం గోడవైపు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. శేషసాయి కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి.

"మీరు అంత ఓపికగా చెప్పినాక నాకే సిగ్గనిపించింది సార్," అంది నస్రీన్, టీ గ్లాసులు పెడుతూ. ఆవిడ మాటలో నిష్ఠూరం లేదు. అదే అతనికి భరించరానిదిగా ఉంది. "ఆడదాన్ని, ఊరికే బెదురుతున్నా అనుకున్నా. కడపకు పనుంటే బండి తమ్ముడికిచ్చి పంపినా. తిరిగొస్తా ఘాట్ ఎక్కేటప్పుడు గోడకు కొట్టినాడు. ఎగిరి అవతల పడలేదు, అల్లా దయ. బండే నిలిచిపోయిందని వీడంటాడు. మా ఇంట్లోవాళ్ళు నమ్మలే. ఉడుకు రక్తం, జోరుగా తోలినాడు, ఇప్పుడు బండి మీద నెడుతున్నాడు అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ అదే అన్నా. అప్పట్నుంచి నాతో మాట్లాడడు."

జుబేర్ కదల్లేదు. గోడవైపున్న ఆ వీపు వింటోందని మాత్రం తెలుస్తోంది.

నస్రీన్ కూర్చుంది. ఏదో అడగాలని నోరు తెరిచి, మళ్ళీ ఆగి, ఫోన్‌లో అడిగేటప్పటి లాగే, ఎదుటివాడికి ఎక్కడ ఇబ్బంది అవుతుందో అన్నంత మర్యాదగా అడిగింది.

"తప్పుగా అనుకోవద్దు సార్. ఇంకొక్కసారి అడుగుతా. ఆ బండిలో నిజంగా ఏమన్నా ఉందా?"

శేషసాయి నాలిక మీదికి మాటలు వచ్చాయి. ఏళ్ళ తరబడి అలవాటైన మాటలు, వాటంతట అవే వరుస కట్టాయి. పరీక్షలు జరుగుతున్నాయనొచ్చు. పైవాళ్ళకు తెలియజేస్తాననొచ్చు. గురువు వైపు చూశాడు. ఆయన టీ గ్లాసులోకి చూసుకుంటున్నారు. సాయం ఎక్కడా లేదు.

"ఉందమ్మా," అన్నాడు. అతని గొంతు బొంగురుపోయి, పెళుసుగా, ఏ నెమ్మదీ లేకుండా వచ్చింది. "ఉంది. చాలామంది చెప్పారు. మీరు మొదటిసారి ఫోన్ చేసేటప్పటికే నాకు అనుమానం ఉంది. ఇవాళ మా బండి కూడా అక్కడే ఆగింది. మీ తమ్ముడు అబద్ధం చెప్పలేదు."

మంచం కిర్రుమంది. జుబేర్ కట్టుకాలిని రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి, ఇటు తిరిగాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. అతను శేషసాయిని చూడలేదు, అక్కనే చూశాడు.

"చెప్పలేదా ఆపా," అన్నాడు. "చెప్పలేదా నేను?"

నస్రీన్ లేచి వెళ్ళి తమ్ముడి తల పొట్టకు అదుముకుంది. తల తిప్పకుండానే అంది. "మీరిక పోండి సార్. నోట ఏమన్నా వస్తుంది. పెద్దాయన ఉన్నాడు, బాగుండదు."

వీధిలోకి వచ్చి, మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద కూర్చుని శేషసాయి ముందు తన పై అధికారికి ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాడు. ఆ మోడల్ కొన్న ప్రతి ఒక్కరికీ బండి తీయొద్దని కంపెనీయే చెప్పాలన్నాడు. అవతలి గొంతు మొదట నచ్చజెప్పింది, తరవాత గట్టిపడింది, చివరికి రేపటినుంచి రానక్కర్లేదేమో ఆలోచించుకొమ్మంది. "అట్లాగే సార్, అప్పటిదాకా నేనే చెబుతా," అని శేషసాయి పెట్టేశాడు. అప్పుడు, తను ఊరడించి పంపిన మనుషుల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటూ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. చిత్తూరు డాక్టరు తీశాడు, విని, నోటికొచ్చినట్టు తిట్టాడు. శేషసాయి విన్నాడు. హొసూరు ఆయన తీయలేదు. కొత్తగా పెళ్ళయిన ఒక జంట ఉంది. వాళ్ళిద్దరూ ఊటీ పోతున్నామని మొన్ననే చెప్పారు. ఆ ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ తీయడం లేదు. ఊటీకి ఉన్న మలుపులన్నీ అతని కళ్ళ ముందు తిరిగాయి. మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగింది.

చిదంబరయ్య గారు అరుగు పక్కనే నిలబడి ఉన్నారు. పొద్దు కొండల మీదికి వాలింది. శేషసాయి ఫోన్ చెవికి ఆనించుకునే తలెత్తి చూశాడు.

"గురువుగారూ, దడ పోలేదు. ఇంకా ఎక్కువైంది. ఏం చేస్తే పోతుంది చెప్పండి."

ఆయన ఈసారి అరుగు మీద, అతని పక్కన కూర్చున్నారు.

"ఉండనీ నాయనా," అన్నారు. "దానికి ఇప్పుడే కదా పని దొరికింది."