జీడితోటలో తగిలిన గుండు

ఆదివారం పొద్దున్నే తవిటినాయుడు ఆశ్రమానికి వచ్చి, స్వామి ముందు తుపాకీ పెట్టి దణ్ణం పెట్టాడు. అక్కడున్న ఇద్దరు భక్తులకి ఏదో పని గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయారు.

అది ప్లాస్టిక్ గుండ్ల తుపాకీ. ఎయిర్‌సాఫ్ట్ అనే ఆటకి వాడేది. దాని కోసం నాయుడు స్కూటర్ అమ్మేసి, జీడిపప్పు ఫ్యాక్టరీకి బస్సులో వెళ్తున్నాడు. భార్య "ఏవండీ" అనడం మానేసి "మేజరుగారూ, కూరలు తెండి" అంటోంది. అయినా ఏం, వారమంతా బీపీ మాత్రల గురించి మాట్లాడుకునే నడివయసు మగాళ్ళు ఆదివారం జీడితోటలో దుమ్ములో పొర్లాడి, ఒకే పళ్ళెంలో పకోడీలు తిని, పిల్లల్లా నవ్వుకుంటూ ఇళ్ళకి పోయేవారు.

"ఇక మానేస్తాను స్వామీ," అన్నాడు నాయుడు.

"ఏమైంది?"

"అందరూ దొంగలే. ఈ ఆటలో గుండు తగిలినా మచ్చ పడదు. తగిలినవాడే చెయ్యెత్తి పక్కకి వచ్చెయ్యాలి. నేను కొడితే ఒక్కడూ చెయ్యెత్తడు. మా బావ గున్నయ్య అయితే మరీను. వాడితో మాటలు కూడా మానేశాను."

"నీకెప్పుడూ తగల్లేదా?"

"తగిలినట్టు తెలియాలి కదా స్వామీ!"

స్వామి తనూ తోటకి బయల్దేరాడు. కళ్ళకి అద్దాలు కట్టించుకుని ఒక జీడిచెట్టు వెనక నిలబడ్డాడు. అంత పచ్చటి తోటలో ఆ కాషాయం రోడ్డు మీది బస్సువాళ్ళకి కూడా కనిపిస్తోంది. ఆయన మాత్రం దాక్కున్నాననే అనుకున్నాడు పాపం.

నాయుడు గురి చూసి కొట్టాడు. గుండు స్వామి తలకి జానెడు పైన కొమ్మకి టక్కుమని తగిలింది. నాయుడు కళ్ళారా చూశాడు. కానీ నోరు అలవాటు కొద్దీ అప్పటికే అరిచేసింది.

"తగిలింది స్వామీ!"

స్వామి వెంటనే చెయ్యెత్తాడు. నింపాదిగా నడిచి వచ్చి, ఆటలోంచి తప్పుకున్నవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు.

నాయుడు వెనకే పరుగెత్తాడు.

"స్వామీ... నిజంగా తగిలిందా?"

"నువ్వన్నావుగా, నాయనా."

నాయుడు వెనక్కి తిరిగి, గుండు తగిలిన కొమ్మ వైపు చూశాడు. తర్వాత చెయ్యెత్తి, వచ్చి స్వామి పక్కన కూర్చున్నాడు.

పొదలోంచి గున్నయ్య తల బయటపెట్టాడు. మాటల్లేవన్న సంగతి మర్చిపోయినట్టున్నాడు.

"ఒరే బావా! నిన్నెవులు కొట్టినారు?"

నాయుడు చెయ్యి దించలేదు.