షాలు లోపలి అరంగుళం

ఓబులు అనే దర్జీపిట్ట దగ్గర మొదట్లో ఉన్నవి ఇరవై నాలుగు గుడ్డముక్కలు, పదంగుళాల దగ్గర తెగిపోయిన ఒక టేపు, సూదిలాంటి ఒక ముక్కు. ముక్కలన్నీ టైలరు కొట్టు వెనక చెత్తలోంచి ఏరుకొచ్చినవే. సిల్కు, లుంగీ, పరదా గుడ్డ, ఏదీ ఇంకోదానికి జత కాదు. అన్నిటినీ తొమ్మిదంగుళాల చదరాలుగా కొరికి, అడ్డానికి నాలుగు, నిలువుకి ఆరు పేర్చి, మూడు రోజుల్లో షాలు కుట్టేశాడు.

షాలు మారెక్క కోసం. ఈ ముసలి గొర్రెకు ఉన్ని కత్తిరించిన మర్నాడే చలి దిగింది. అప్పట్నుంచీ ఒకటే దగ్గు.

షాలును కంచె మీద వేసి, ఓబులు ఆమెను పిలుచుకు రావడానికి వెళ్ళాడు. వచ్చి చూస్తే షాలు నక్క భుజాల మీద ఉంది.

"మామా, దించు దాన్ని!"

"నా షాలు నేను కప్పుకుంటే నీకేం బాధ అల్లుడూ?"

మారెక్క వణుకుతూ దగ్గింది. పక్కనే నెమరేస్తున్న ఎద్దు తాత తల తిప్పాడు. దొడ్డిలో ఏ తగువైనా తీర్చేది ఆయనే.

"ఏంట్రా గోల?"

"ఏం లేదు తాతా," అన్నాడు నక్క. "గుడ్డలు నేనే తెచ్చి, నా పళ్ళతో నేనే చదరాలుగా కోసి ఇచ్చాను. వీడు కుట్టిపెట్టాడు. ఇప్పుడు మొత్తం తనదే అంటున్నాడు."

"అబద్ధం!" అని ఎగిరాడు ఓబులు.

"చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అడిగాడు తాత.

ఎవరూ లేరు.

"అయితే కప్పుకున్నవాడిదే అనుకోవాలి మరి."

నక్క షాలును మెడ దాకా లాక్కున్నాడు. ఓబులు కళ్ళు గబగబా చుట్టూ తిరిగాయి. కంచె మీద మడిచి పెట్టిన తన టేపు నక్క కాళ్ళ దగ్గర విప్పి పడుంది. అంటే మామ ముందే కొలుచుకుని సిద్ధమయ్యాడన్నమాట!

"సరే మామా. ఒక్కో ముక్క ఎన్నంగుళాలు కోశావు?"

"ఎనిమిది," అన్నాడు నక్క తడుముకోకుండా. "అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. కావాలంటే కొలుచుకో."

"బాగా గుర్తుందా?"

"నేను కోసింది నాకు గుర్తుండదా!"

"తాతా, షాలు తిరగేయించు."

తాత కొమ్ముతో తిరగేశాడు. లోపలివైపు ప్రతి కుట్టు దగ్గరా అంచులు పైకి లేచి ఉన్నాయి.

"కుట్టాలంటే ప్రతి ముక్కకూ అటు అరంగుళం, ఇటు అరంగుళం లోపలికి మడవాలి తాతా. తొమ్మిది కోస్తేనే పైకి ఎనిమిది కనిపిస్తుంది. ఎనిమిదే కోసుంటే ఏడు మిగిలేది. అప్పుడు షాలు ఇరవై ఎనిమిదికి నలభై రెండు. ఇది ముప్పై రెండుకి నలభై ఎనిమిది."

తాత నమలడం ఆపాడు. "ఈ అంచులు ఎక్కడివిరా నక్కా?"

"మంచుకి... సాగాయేమో తాతా."

మారెక్క దగ్గుతూనే పకపకా నవ్వింది.

"అయితే నీది ఇది కాదు," అన్నాడు తాత. "ఏడంగుళాల షాలు ఎక్కడుందో వెతుక్కో. దొరికితే నాకూ చూపించు."

నక్క షాలు వదిలి తుప్పల్లోకి జారుకున్నాడు. మారెక్క కప్పుకుంది. తోక దాకా సరిపోయింది.

పైపైన కొలిచినవాడికి కనిపించేది తెలుస్తుంది, చేసినవాడికే లోపల మడిచింది కూడా తెలుస్తుంది.

ఓబులు అప్పటికే దొడ్డిలోకి తొంగి చూస్తున్నాడు. ఉన్ని తీసిన గొర్రెలు ఇంకా పదమూడు. పదమూడు ఇరవై నాలుగులు మూడువందల పన్నెండు. టేపు ముక్కున కరచుకుని టైలరు కొట్టు వైపు రెక్కలు విప్పాడు.