నక్క లేపనం, నా తొమ్మిది గులకరాళ్లు

మా దొడ్డిలో గాడిదను నేనే, జాతికీ బుద్ధికీ కూడా. గొంతు బాగుందని ఎవరైనా అంటే చాలు, కరిగిపోతాను. అలాంటివాణ్ణి వేసవికి దాచుకున్న గడ్డివాముకి కాపలా పెట్టారు. పెట్టినవాళ్లనేమనాలి చెప్పండి!

వానలకి గిట్టలు నాని మేకలన్నీ కుంటడం మొదలుపెట్టాయి. ఎప్పుడు విందో ఏమో, నక్క లేపనం డొప్ప పట్టుకుని దిగింది.

"నీ పాట విని వచ్చాను మామా. అబ్బ, ఏం గొంతు! ఇది రాస్తే కుంటు మాయం. మేకకి పది మోపుల గడ్డి ఇస్తే చాలు."

నక్కకి గడ్డెందుకని నేను అడగలేదు. నా మనసంతా పాట మీదే ఉంది.

ముసలి గేదె మల్లత్త మాత్రం అడ్డం నిలబడింది.

"ఆగరా. పది గులకరాళ్లు తీసుకో. మందు మీద నమ్మకం ఎంతో అన్ని కుడివైపు పెట్టు, అనుమానం ఎంతో అన్ని ఎడమవైపు. ఆరు మేకలకి మందు రాద్దాం, ఇంకో ఆరింటిని ఊరికే పొడినేల మీద కట్టేద్దాం. చూసినదాన్ని బట్టి రాళ్లు జరుపుతూ పో."

"తొమ్మిది కుడివైపే!"

"ఏమీ చూడకుండానే?"

"నక్కకి సంగీతం తెలుసత్తా."

ఐదు రోజులకి మందు రాసినవాటిలో నాలుగు నడిచాయి. పొడినేల మీద కట్టినవాటిలోనూ నాలుగు నడిచాయి.

"జరుపు రాళ్లు," అంది మల్లత్త.

"పొడినేల మీదవి మందు వాసన తగిలి నడిచాయి."

"మరి రాసినా లేవని రెండో?"

"వాటికి నమ్మకం లేదు."

"నీ మొహం! పోనీ, మందు ఒక రోజు ముందే లేపుతుందనుకో. ఆ ఒక్క రోజుకి పది మోపులా? ఎండల్లో ఏం తింటాం? పొడినేల ఊరికే వస్తుంది కదరా!"

నేను వింటేగా! ఒక్క రాయి కూడా కదపలేదు. మిగిలిన మేకలన్నిటికీ మందు రాయించాను. వాము ఖాళీ అయింది.

ఎండలు వచ్చాయి. మేకల డొక్కలు లోపలికి పోయాయి, పాలు ఆగిపోయాయి, పిల్లలు ఆకలికి అరుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. రెండు మోపులైనా తిరిగిమ్మని అడుగుదామని నక్క బొరియకి వెళ్లాను. మా గడ్డంతా పరుపులా పరుచుకుని అది హాయిగా పడుకుని ఉంది.

"గడ్డి సంగతి తర్వాత మామా. ముందు ఒక్క పాట పాడు, నిద్రపడుతుంది."

చెప్పడానికి సిగ్గేస్తోంది. పాడాను. అది నిద్రపోయింది. నేను ఉత్త చేతులతో తిరిగొచ్చి, మల్లత్త చూస్తుండగా తొమ్మిది రాళ్లూ ఎడమవైపుకి జరిపాను. తినేదేమోనని మేకపిల్లలు వచ్చి ఆ రాళ్లనే వాసన చూశాయి.

నీతి: ముందుగా నమ్మడం తప్పు కాదు, కళ్లారా చూశాక కూడా రాయి జరపనివాడికి గడ్డివాము అప్పగించడం తప్పు.