ఎప్పటికైనా రావలసిన పెద్ద పేజీ

చిన్న కథే, నాలుగు ముక్కల్లో ముగించేస్తాను. దానికి ముందు మా ఆఫీసు పెద్ద కూర్మనాథం మాస్టారి అలవాటొకటి చెప్పాలి. ఎవరేం అడిగినా ఆయన సూటిగా జవాబు చెప్పరు. కూరలో ఉప్పు సరిపోయిందా అని వాళ్లావిడ పెళ్లయిన కొత్తలో అడిగి ఇంకా ఎదురుచూస్తోందని వినికిడి. మాలో పాతకాపు అప్పలస్వామి దగ్గర మాత్రం ఎవరూ అడగని వాటికి కూడా జవాబులుంటాయి. సరే, కథ.

మా ఆఫీసు మేడ మీద అందరం కెర్నెల్ రాసేవాళ్లమే. కంప్యూటర్‌లో అన్నిటికన్నా అడుగున ఉండి, ఎవరికీ కనబడకుండా, తిట్లు మాత్రం తినే ప్రోగ్రాం అది. మెమరీని పేజీలుగా విడగొట్టి పంచుతుంది. వెనకటి పెద్దలు ఆ పేజీకి రెండు పేర్లు పెట్టారు: ఒకటి మామూలు పేజీ, రెండోది ఫైళ్లు దాచే పేజీ. ఆ రెండోది ఎప్పటికైనా పెద్దదవుతుందని వాళ్ల ఆశ. పెద్దలు వెళ్లిపోయారు, పేజీ పెరగలేదు. రెండింటి కొలతా ఒకటే గనక, చేతికి ఏ పేరు దొరికితే అది రాసుకుంటూ వచ్చాం.

ఆ రెండో పేరు దండగని, కోడంతటా దాన్ని ఏరి పారేసి మామూలు పేరే పెట్టే పని కొత్తగా చేరిన హైమవతి మీద పడింది. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నెలల తరబడి ఏరి ఏరి, కళ్లు మండుతూ, ఆఖరి మార్పు పంపబోతుంటే అప్పలస్వామి అడ్డుపడ్డాడు.

"రేపు పెద్ద పేజీ వచ్చిందనుకో తల్లీ, ముందు నిన్ను ఇంటికి పంపిస్తారు."

అప్పలస్వామి వెంట రాగా ఆమె మాస్టారి దగ్గరకు వెళ్లింది. "ఎప్పటికైనా పనికొస్తుందని ఉంచినదాన్ని తీసేయొచ్చా మాస్టారూ?"

మాస్టారు పాత కోడులో ఒక వరుస తెరిచి, పేజీ పేరున్న చోట వేలు అడ్డం పెట్టారు. "అప్పలస్వామీ, ఇక్కడ ఏ పేరుండాలి?"

"ఫైళ్ల పేజీయే. అదీ ఓ ప్రశ్నేనా అండీ?"

వేలు తీశారు. మామూలు పేజీ అని ఉంది.

"ఏ తలకుమాసినవాడు రాశాడండీ ఇది?"

"నువ్వే నాయనా."

"అయినా నడుస్తోంది కదండీ!"

"నడుస్తోంది," అన్నారు మాస్టారు.

హైమవతి మార్పు పంపేసింది. రెండో పేరు పోయింది. కంప్యూటర్లు ఎప్పటిలాగే నడిచాయి. ఆమెను ఎవరూ మెచ్చుకోలేదు; మాకా అలవాటు లేదు.

మరుసటి నెలలో పెద్ద పేజీ వచ్చింది. ఇప్పుడు రెండు పేర్లూ నిజంగానే కావలసి వచ్చాయి. ఇక పంపించేస్తారని హైమవతి బల్ల సర్దుకుంది. ప్రతి చోటూ కళ్లారా చూసిన మనిషి ఆమె ఒక్కతే గనక ఉద్యోగం ఖాయం చేసి, పెద్ద పేజీకి పేరు పెట్టి రమ్మని మళ్లీ ఆ చోట్లకే తోలారు.

"తీయకుండా ఉంటే సరిపోయేది కదా మాస్టారూ?" అంది నీరసంగా.

"ఈసారైనా ఏది ఏ పేజీయో చూసి పేరు పెట్టు," అన్నారు మాస్టారు.