దాలమ్మ సుద్దముక్క

చిట్టితల్లీ, అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, కోటా లేదు. పొగబండ్ల షెడ్డు ఒకటి ఉండేది. దాని వెనక రేకుల ఇంట్లో దాలమ్మ అని ఒకావిడ ఉండేది.

ఆవిడ మొగుడు సింహాద్రి. ఇంజనులో నిప్పు రాజేసే ఉద్యోగం. ఉద్యోగం అతనిది, రాజేసేది ఈవిడ. అతను తాగి పడుకుంటే, తెల్లారకముందే దాలమ్మ వెళ్ళి నిప్పేసి వచ్చేది. పేరెవరికొచ్చేదంటావా? నువ్వే చెప్పు.

ఆ షెడ్డుకో కట్టుబాటు ఉంది. నిప్పేసినవాళ్ళు ఇంజను ముందు సుద్దముక్కతో తమ పేరు రాయాలి. మళ్ళీ ఆ రాసిన చెయ్యే తుడవాలి. పేరు ఉన్నంతసేపూ ఇంజను కదలకూడదు. కింద బూడిద లాగుతూ మనిషి ఉండొచ్చు కదా.

దాలమ్మ ముప్పై ఏళ్ళు రాసింది, తుడిచింది. రాసిందల్లా 'సింహాద్రి' అనే. మొగుడు నేర్పింది అదొక్కటే మరి.

ఆ తర్వాత పొగబండ్లు ఆగిపోయాయి. ఆ తర్వాత సింహాద్రి పోయాడు. ఆ తర్వాత దాలమ్మని పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేకుండా పోయారు. కొళాయి దగ్గర 'సింహాద్రి పెళ్ళాం'. రేషను కొట్లో 'ఓ ముసలమ్మా'. ఇంట్లో ఆ పాటి పిలుపూ లేదు. ఒక్కోరోజు పొయ్యి ముందు కూచుని, "దాలమ్మా, అన్నం తిన్నావా?" అని తనే అడిగేది. "తిన్నానే," అని తనే చెప్పుకునేది.

ఇలా ఉండగా ఆ రైలుదారికి నూరేళ్ళ పండగ వచ్చింది. పాత ఇంజనుకి రంగులేశారు, ఇత్తడి తోమారు. మంత్రిగారు ఎక్కి ఊరేగుతారట. ఇంక నిప్పేయడమే తరువాయి.

మొదటిసారి కొత్త కుర్రాళ్ళు బొగ్గు కుక్కి పెద్ద మంట పెట్టారు. బాయిలరు గొట్టాలు నీళ్ళు కార్చి మంట ఆర్పేశాయి. రెండోసారి డీజిలు పోసి ఇంకా పెద్ద మంట పెట్టారు. ఇంకా ఎక్కువ కారాయి. పండగ మూడు రోజుల్లోకి వచ్చేసింది.

అప్పుడు ముసలి డ్రైవరు మస్తాన్, "సింహాద్రి భార్యని పిలవండి సార్," అన్నాడు.

"ఆడవాళ్ళెందుకయ్యా? హారతికి ఆల్రెడీ ఉన్నారుగా," అన్నాడు ఆఫీసరు.

"హారతికి కాదు సార్. నిప్పుకి."

దాలమ్మ వచ్చింది. ఇంజను పొట్ట మీద చెయ్యేసి చూసింది. "ఇన్నేళ్ళు చలిలో నిలబెట్టి, ఒక్కపూటలో ఉడికిపొమ్మంటే ఏడవదా మరి?" అంది.

మొదటి రోజు చిన్న పుల్లలే వేసింది. అప్పుడు సుద్దముక్క తీసింది. 'సిం' అని రాయబోయి ఆగింది. సంచిలోంచి రేషను కార్డు తీసి, చూసి చూసి, ఒక్కో అక్షరం దింపింది. 'దాలమ్మ'. చివరి అక్షరం కాస్త వాలింది. వాలితేనేం.

రెండో రోజు దుంగలు వేసింది. మూడో రోజు గుప్పెడు గుప్పెడు బొగ్గు. గొట్టాలు ఒక్క చుక్క కార్చలేదు. ఆవిరి నిండుగా పట్టింది. అప్పుడు దాలమ్మ ఇంటికెళ్ళి, స్నానం చేసి, మంచి చీర కట్టుకుని వచ్చింది.

"పాసుందా?" అన్నాడు గేటు దగ్గర మనిషి.

"ఇంజనుకి నిప్పేసింది నేనే నాయనా."

"మంచిదే. పాసుందా?"

దాలమ్మ వెళ్ళి బయట దిమ్మ మీద కూచుంది.

లోపల మంత్రిగారు ఎక్కారు. జెండా ఊపారు. మస్తాన్ మాత్రం కిందికి దిగి చేతులు కట్టుకున్నాడు.

"పేరుంది సార్. కదపను."

"తుడిచెయ్యవయ్యా!" అన్నాడు ఆఫీసరు.

"నేను రాయలేదు సార్."

ఎవరీ దాలమ్మ? పెద్దలెవరికీ తెలీదు. మైకు అందుకున్నారు. "శ్రీమతి దాలమ్మగారు ఎక్కడున్నా ఇంజను దగ్గరికి రావాలి!"

దాలమ్మ లేవలేదు. మళ్ళీ పిలిచారు. లేవలేదు. మూడోసారి పిలిచారు. అప్పుడు లేచింది. ఎందుకంటావా? మొదటిసారి నమ్మలేదు. రెండోసారి వింది. మూడోసారి దాచుకుంది.

గేటు తెరుచుకుంది. దాలమ్మ నడిచి వెళ్ళి, అరచేత్తో తన పేరు తుడిచింది.

"థాంక్సమ్మా. అలా పక్కకి జరుగు," అన్నాడు ఆఫీసరు.

జరిగింది. బండి కూతేసి వెళ్ళిపోయింది. బాజాలూ, జనమూ దాని వెనకే పోయారు.

షెడ్డులో దాలమ్మ ఒక్కతే మిగిలింది. చేతికింకా సుద్ద తెల్లగా ఉంది. కొంగున కట్టుకున్న ముక్క తీసి, షెడ్డు స్తంభం మీద పేరు మళ్ళీ రాసింది. ఈసారి కార్డు చూడలేదు. స్తంభం ఎక్కడికీ కదలదు. వచ్చి తుడవమని ఎవరూ పిలవరు. అది ఆవిడకీ తెలుసు.

"దాలమ్మా, ఇంటికి పోదామా?" అంది తనే.

"పదవే," అంది.

రాసిన చెయ్యే తుడవాలి కదూ? ఆవిడ తుడవలేదు.

బండి చేరె షెడ్డుకి, బొగ్గు పోయె బూడిదకి,
పేరు మిగిలె స్తంభానికి, కథ వెళ్ళె కంచికి,
కళ్ళు మూసుకో చిట్టితల్లీ, మనమింక నిద్దరకి.