లోవమ్మ చూడని కప్పీ

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, కునుకొచ్చేవాళ్ళు గోడకి జారబడండి. కథ మాత్రం ఆగదు.

అనగనగా, సముద్రం దాటడానికి గాలి తప్ప గతిలేని రోజుల్లో, ఏరు సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన గవ్వలరేవని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో లోవమ్మ ఉండేది. ఆవిడకి ఓడ లేదు, వల లేదు. ఉన్నదల్లా ఒక ఆముదం బుడ్డి, ఒక పాత చీర గుడ్డ. పెనిమిటి పోతే ఆయన పనితో పాటు అవీ ఈవిడ చేతికొచ్చాయి.

ఏం పనంటారా? ఆ తెరచాప ఓడల్ని సరంగు చక్రం పట్టుకుని నడిపేవాడు. చక్రం తిప్పితే, చెక్కల కింద ఇనప తీగల తాడు కప్పీల మీదుగా పాకి, వెనకాల నీళ్ళల్లో ఉన్న చుక్కానిని లాగేది. కుడివైపు మూడు కప్పీలు, ఎడమవైపు మూడు. ఆ తాడు తెగిందా, ఓడ ముక్కుతాడు తెగిన ఎద్దే.

ఓడ బయల్దేరే ముందు లోవమ్మ చెక్కల కిందకి దూరేది. తాడుకి పట్టిన ఉప్పు గీకేది. కప్పీలకి ఆముదం పోసేది. తాడు చుట్టూ గుడ్డ చుట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా లాగేది. ఒక్క తీగ విరిగినా చాలు, ముల్లులా పైకి లేచి గుడ్డని పట్టేస్తుంది.

పైకొచ్చాక సరంగు అడిగేవాడు.

"సూసేవా అక్కా?"

"సూసేను. గుడ్డ పట్టలేదు. ఎల్లి రండి."

ఆ మాట వింటేనే లంగరు ఎత్తేవారు. ఏళ్ళూ పూళ్ళూ అలాగే గడిచాయి.

ఒకనాడు పోలయ్య సరంగు తన ఓడలో జనాన్ని అవతలి తీరంలో జాతరకి తీసుకెళ్తున్నాడు. ఆడా మగా పిల్లా, ముప్ఫై మంది. పాటు మొదలైంది, నీరు సముద్రంలోకి తీస్తోంది. లోవమ్మ కిందకి దిగింది. కుడివైపు మూడు కప్పీలూ చూసింది. ఎడమవైపు రెండు చూసింది. మూడోదానికి అడ్డంగా కొబ్బరికాయల బస్తాలు పేర్చేసి ఉన్నాయి.

"తొరగా అక్కా! నీరు తీసేత్తంది!" పైనుంచి కేకలు.

ఐదు బాగున్నాయి, ఆరోది బాగోదా అనుకుంది. పైకొచ్చింది.

"సూసేవా అక్కా?"

"సూసేను. గుడ్డ పట్టలేదు. ఎల్లి రండి."

ఓడ కదిలింది. లోవమ్మ ఇంటికెళ్ళి గంజన్నం ముందు కూర్చుంది. మొదటి ముద్ద తింది. రెండో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మూడో ముద్ద కలపనే లేదు. లేచి చెయ్యి కడిగింది. పొరుగువాళ్ళ దోనె విప్పింది. తెడ్డందుకుంది.

ఏరు సముద్రంలో పడే మొగ దగ్గర అటూ ఇటూ ఇసక మేటలు, మధ్యలో సుడులు. అక్కడ చుక్కాని ఒక్క క్షణం మాట వినకపోతే ఓడ మేటకి కొట్టుకుని పగిలిపోతుంది. ఓడ ఏటి వంపు చుట్టూ తిరిగి రావాలి. లోవమ్మ మడ చెట్ల మధ్య సన్న పాయలోంచి అడ్డదారి పట్టింది. కొమ్మలు గీరాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. మొగ ఇంకా కూతవేటు దూరం ఉందనగా ఓడకి ఎదురెళ్ళింది.

చెయ్యూపింది. సాగనంపడానికొచ్చిందనుకుని జనమూ చేతులూపారు. మళ్ళీ ఊపింది. ఎవరో చద్దిమూట మరిచిపోయారనుకుని వెతుక్కున్నారు. మూడోసారి దోనెలో నిలబడి గొంతు చించుకుంది.

"పోలయ్యా, ఆపు! నేను సూడలేదు! సూసేనని అబద్దం ఆడేను!"

తెరచాప దించారు. లంగరు వేశారు. జనం గొణిగారు. పోలయ్య మొహం కందగడ్డయింది.

"ఈ పాటు పోతే రేపటి దాకా కదల్లేం అక్కా. జాతర సగం అయిపోద్ది."

"పోతే పోనీ. బస్తాలు తియ్యండి."

తీశారు. లోవమ్మ కిందకి దూరి మూడో కప్పీ దగ్గర గుడ్డ చుట్టింది, లాగింది. గుడ్డ పట్టేసింది. ఇంకాస్త లాగితే పర్రున చిరిగింది. పోలయ్య వంగి చూశాడు. తాడులో మిగిలినవి రెండే తీగలు. వేలితో వంచితే ఒకటి టప్పున విరిగింది.

 ఓడలో పనిచేసే ఒక కళాసీ అన్నాడు.

"ఇంక ఈవిణ్ణి నమ్మేదెలాగ?"

"ఇంక ఈవిణ్ణే నమ్మాలి," అన్నాడు పోలయ్య. ఆవిడ వైపు తిరిగాడు. "అక్కా, ఓడ పగిలుంటే సముద్రం మింగేసిందనుకునేవోరు. నీ పేరు ఎవడూ ఎత్తేవోడు కాదు. మరెందుకొచ్చేవు?"

"సముద్రం మీద నింద ఎయ్యడానికి నాకు నోరెలా వత్తాది తమ్ముడూ?"

కొత్త తాడు బిగించారు. మర్నాడు పాటు వేళ లోవమ్మ ఆరు కప్పీలూ మళ్ళీ చూసింది. ఓడ నిమ్మళంగా మొగ దాటింది. ఆ తర్వాత కూడా ఏ సరంగూ ఆవిడ మాట లేకుండా లంగరు ఎత్తలేదు.

లోవమ్మ పండు ముసలిదై, తన చాప మీదే పోయింది. పాడె మోయడానికి ముగ్గురు సరంగులు వచ్చారు. నాలుగో కొమ్ము, ఆనాడు నమ్మేదెలాగన్న కళాసీ పట్టాడు.

ఆ తీరంలో ఇప్పటికీ పడవ కదిలే ముందు "సూసేవా?" అని అడుగుతారు. ఎవడైనా "సూడలేదు" అన్నాడనుకోండి, వాణ్ణి తిట్టకూడదు, నవ్వకూడదు. "లోవమ్మ మాట సెప్పేడు" అంటారు. పోయే పాటుని పోనిచ్చి, పడవని ఆపేస్తారు.