శనివారం పొగ రాని ఊరు

ఫ్రాన్సు కొండల్లో సోర్బియేర్ అనే చిన్న ఊరుంది. నలభై గడపలు, ఒక గుడి. ఆ గుడిలోని మరియమాతను ఇక్కడివారు చల్లపొయ్యి మాత అంటారు. చలికాలంలో ఊళ్లోని పొగగొట్టాలన్నీ రోజంతా పొగ వదులుతూనే ఉంటాయి, ఒక్క శనివారం తప్ప. ఆనాడు ఏ ఇంటా నిప్పు రాజెయ్యరు. నేను గుంటూరు ఎండల్లో పెరిగిన క్రైస్తవ గురువును. పదకొండేళ్ల కిందట ఈ విచారణకు, అంటే ఈ ఊరి చర్చి బాధ్యతకు, వచ్చినప్పుడు ఈ ఆచారం వినగానే నా గుండె జారిపోయింది. లూర్దు యాత్రకు వస్తూ ఇటు తొంగిచూసే మన తెలుగువారి కోసం ఆ కథ రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ బాస్తియన్ అనే గురువు ఉండేవారు. పూర్వమంటే మరీ దూరం కాదు, నాజీలు ఈ దేశాన్ని ఆక్రమించి యూదులను వెతికి పట్టుకుపోతున్న కాలం. ఎజ్రియెల్, పెర్లా అనే వృద్ధ యూదు దంపతులు మనవరాలితో కొండెక్కి వచ్చారు. ఒడీల్ అనే వితంతువు వారిని తన బంధువులని చెప్పి, పక్కనున్న ఖాళీ ఇంట్లో ఉంచింది. నిజం ఊరందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. అలాంటి మనుషులను తలచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

యూదులకు శనివారం విశ్రాంతి దినం. ఆనాడు నిప్పు ముట్టించరు. ఉన్నదంతా పోగొట్టుకున్న ఆ దంపతులు ఈ నియమాన్ని మాత్రం వదల్లేదు. కొండ కింద కాపలా కాసే సైనికులు, శనివారాల్లో ఒక ఇంటి నుంచి పొగ రావడం లేదని కనిపెట్టారు. ఒక శనివారం ఉదయం వారు బయలుదేరారని తపాలా మనిషి అడ్డదారిన వచ్చి చెప్పాడు.

ఎజ్రియెల్ వెంటనే పొయ్యి ముట్టించబోయాడు. ప్రాణాపాయంలో తమ ధర్మం అందుకు ఒప్పుకుంటుందన్నాడు. ఇన్ని వారాలు లేని పొగ ఇవాళ ఎందుకు వచ్చిందని అడుగుతారంటూ బాస్తియన్‌గారు వారించారు. అంతలో ఒడీల్ తన ఇంట్లోకి వెళ్లి, మండుతున్న పొయ్యిలో కడవెడు నీళ్లు కుమ్మరించింది. ఆమెను చూసి పక్కింటివారు, వారిని చూసి ఎదురింటివారు అదే పని చేశారు. చంటిబిడ్డలున్న ఇళ్లలోనూ నిప్పు ఆరిపోయింది. సైనికులు పైకి వచ్చేసరికి తడి బూడిద కూడా ఎత్తిపోశారు.

అధికారి గుడిలోకి వచ్చి గురువుగారిని నిలదీశాడు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి, మాత స్వరూపం ముందు నిలబడి ఇలా అన్నారు:

“ఇది మా అమ్మకు మొక్కు. శనివారం మా సంప్రదాయంలో మరియమాత రోజు కదా. ఒక ఇల్లు మొదలుపెట్టింది, ఇవాళ్టికి ఊరంతా కలిసింది.”

అధికారి ఇల్లిల్లూ చూశాడు. ఎక్కడా నిప్పు కనిపించలేదు. చలికి వణుకుతూ దిగిపోయాడు.

ముగ్గురి ప్రాణాలూ దక్కాయి. గురువుగారు మాత్రం అమ్మ ఎదుట అబద్ధమాడానని కుమిలిపోయారు. యుద్ధం ముగిసేదాకా ప్రతి శనివారం ఊరంతా అలాగే పొయ్యిలు ఆర్పింది. ముగిసిన నాడు ఎజ్రియెల్ గడపగడపకూ వెళ్లి, ఇక శనివారం పొయ్యి వెలిగించుకోమని చేతులు జోడించాడు. ఒడీల్ ఒప్పుకోలేదు.

“ఇన్నాళ్లు మీ కోసం ఆర్పాం. ఇకమీదట ఫాదర్‌గారి కోసం ఆర్పుతాం. ఆయన మాట అబద్ధం కాకూడదు” అంది.

అప్పటి నుంచి ఆ మొక్కు నిజమైపోయింది. శనివారం వచ్చే యాత్రికులు స్వెటరు ఒకటి ఎక్కువ తెచ్చుకోవాలి. ఏ తలుపు తట్టినా చల్లటి రొట్టె, చీజ్ పెడతారు, పేరు అడగరు. దిక్కులేనివారిని చల్లపొయ్యి మాత ఇక్కడికి చేరుస్తుందని, చేరినవారిని ఈ ఊరు ఎవరికీ అప్పగించదని ఇక్కడివారి నమ్మకం.